పటాలు, పటాలాలు: యుద్ధపు బోర్డు ఆటలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చినవే. చదరంగం, క్యారమ్స్ దాటి పెద్ద యుద్ధపు ఆటలోకి దిగాలంటే ఏది కొనాలి, కొన్నాక ఎట్లా నేర్చుకోవాలి అనేదే అందరి ప్రశ్న. ఒక్కో పెట్టె వేలల్లో పలుకుతుంది గనుక కొనకముందే అడగడం మంచిదయింది.

ప్ర: చదరంగం బాగా ఆడతాను. రిస్క్ ఆడీ ఆడీ విసుగొచ్చింది. ‘ట్వైలైట్ స్ట్రగుల్’ గొప్ప ఆట అంటున్నారు గానీ నియమాల పుస్తకం చూస్తే గుండె జారింది. కొనమంటారా? కొంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– డిగ్రీ విద్యార్థి, బి.క్యాంపు, కర్నూలు

జ: పెట్టె సంగతి తర్వాత. ఎదురుగా కూర్చునే మనిషి ఎవరో ముందు తేల్చుకోండి. ఇది ఇద్దరి ఆట, మూడోవాడికి చోటు లేదు. ఇద్దరికీ కార్డులు తెలిసుంటేనే రక్తి కడుతుంది. ఒకరికే తెలిస్తే గెలిచేది వాళ్లే, ఓడినవాడు రెండోసారి రాడు. వారానికోసారి మూడు గంటలు కూర్చోగల స్నేహితుడు ఒక్కడుంటే నిశ్చింతగా కొనండి. నలుగురైదుగురు వచ్చిపోయే గుంపైతే ఇది వద్దు, కింద ఆదోని వాళ్లకిచ్చిన జవాబు చూడండి.

నియమాలకు భయపడే పని లేదు. 1945 నుంచి 1989 దాకా అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య నడిచిన ప్రచ్ఛన్న యుద్ధం మీద అనంద గుప్తా, జేసన్ మాథ్యూస్ చేసిన ఆట ఇది. జీఎంటీ గేమ్స్ 2005లో వేసింది. నియమాలు ఒక సాయంత్రంలో వస్తాయి. కష్టమంతా కార్డుల్లో ఉంది, డీలక్స్ పెట్టెలో అవి 110. కార్డు మీద ఒక అంకె, అంటే ఎన్ని పాయింట్ల పని చేయొచ్చో, ఒక సంఘటన ఉంటాయి. మీ పక్షం కార్డైతే రెంటిలో ఒకటి వాడుకుంటారు. ఎదుటి పక్షం కార్డు మీ చేతికొచ్చి, దాన్ని అంకె కోసం వేస్తే, అంకె మీకు, సంఘటన వాళ్లకు. చదరంగం ఆడేవాళ్లకు మొదట్లో మింగుడుపడనిది ఇదే. అక్కడ మంచి ఎత్తు కోసం వెతుకుతాం. ఇక్కడ సగం ఆలోచన చెడ్డ కార్డును ఎప్పుడు, ఎంత తక్కువ నష్టంతో వదిలించుకోవాలన్న దాని మీదే పోతుంది.

లెక్క చూడండి. మొదటి మూడు టర్నుల్లో చేతిలో 8 కార్డులు. హెడ్‌లైన్‌కు, అంటే టర్ను మొదట్లో ఇద్దరూ వేసే కార్డుకు ఒకటి, ఆ టర్నులోని ఆరు రౌండ్లకు ఆరు, మొత్తం ఏడు పోతాయి. తర్వాతి టర్నుకు దాచుకోగలిగేది ఒక్కటే. నాలుగో టర్ను నుంచి 9 కార్డులు, ఏడు రౌండ్లు, అప్పుడూ మిగిలేది ఒక్కటే. టర్నుకు ఒక కార్డును స్పేస్ రేసు (బోర్డు మీది అంతరిక్ష పోటీ పట్టీ) కింద పారేయొచ్చు, సంఘటన జరగదు, కాకపోతే ఆ కార్డు అంకె కనీసం 2 ఉండాలి. అంటే ప్రతి టర్నులో రెండు చెడ్డ కార్డులను తప్పించుకోగలరు. మూడోది వస్తే దాన్ని ఏ రౌండులో వేస్తే తక్కువ నష్టమో కార్డులు పంచగానే చూసుకోవాలి. స్కోరింగ్ కార్డు, అంటే ఒక ప్రాంతంలో ఎవరిది పైచేయో లెక్కగట్టే కార్డు మాత్రం దాచుకోకూడదు, వచ్చిన టర్నులోనే వేసి తీరాలి.

మొదటిసారి పది టర్నులూ ఆడాలని కూర్చోకండి. తొలి మూడు టర్నులు, అంటే ఎర్లీ వార్ మాత్రమే ఆడి ఆపేయండి. పక్షాలు మార్చుకుని మళ్లీ ఆ మూడే ఆడండి. అట్లా చేస్తే ఎర్లీ వార్ కార్డులు ఇద్దరికీ నోటికొస్తాయి, మూడోసారి పూర్తి ఆటకు దిగొచ్చు. బోర్డు మీద అచ్చయి ఉన్న అంకెల ప్రకారం పలుకుబడి బిళ్లలు (ఆ దేశంలో మీ పట్టు ఎంతో చూపేవి) పెట్టాక సోవియట్ ఆటగాడు తూర్పు ఐరోపాలో 6, అమెరికా ఆటగాడు పశ్చిమ ఐరోపాలో 7 అదనంగా పెట్టుకుంటారు. ఎక్కడ పెట్టాలో తోచకపోతే సోవియట్‌కు పోలండ్‌లో 4, తూర్పు జర్మనీలో 1, యుగోస్లావియాలో 1. అమెరికాకు పశ్చిమ జర్మనీలో 4, ఇటలీలో 3. చాలామంది ఇట్లాగే మొదలుపెడతారు, తప్పులేదు.

దేశం మీ అదుపులో ఉందో లేదో చూడటంలోనే కొత్తవాళ్లు ఎక్కువగా తడబడతారు. ఎదుటివాళ్ల బిళ్లల కన్నా మీవి ఎక్కువుంటే చాలదు, ఆ దేశం స్థిరత్వం అంకె అంత ఎక్కువుండాలి. ఇటలీ స్థిరత్వం 2. అక్కడ సోవియట్ బిళ్ల ఒకటి చేరితే అమెరికాకు 2 చాలవు, 3 కావాలి. ఎదుటివాళ్ల అదుపులో ఉన్న దేశంలో బిళ్ల పెట్టాలంటే ఒక్కోదానికి రెండు పాయింట్ల ఖర్చు. ఇంకోటి, బిళ్లలు పెట్టేటప్పుడు ఆ రౌండు మొదట్లో ఉన్న పరిస్థితే లెక్క. ఇప్పుడే పెట్టిన బిళ్లను మెట్టుగా వాడుకుని పక్క దేశంలోకి దూకకూడదు.

సోవియట్ తొలి రౌండులో ఇరాన్‌లో కూ, అంటే ప్రభుత్వాన్ని కూలదోయడం, చాలా మామూలు ఆరంభం. పాచిక అంకెకు కార్డు అంకె కలిపి, స్థిరత్వానికి రెట్టింపు తీసేయండి. ఇరాన్ స్థిరత్వం 2 గనుక 4 తీసేయాలి. 4 అంకె కార్డుతో వేస్తే పాచిక 1 పడ్డా ఒకటి మిగులుతుంది, అమెరికా బిళ్ల లేచిపోతుంది. అదే 3 అంకె కార్డుతో 1 పడితే సున్నా, కార్డు దండగ. అందుకే ఆ పనికి పెద్ద కార్డు.

అసలు గండం డెఫ్‌కాన్ పట్టీ, అణుయుద్ధానికి ఎంత దగ్గరగా ఉన్నారో చూపేది. అది 5 దగ్గర మొదలవుతుంది. బ్యాటిల్‌గ్రౌండ్, అంటే బోర్డు మీద కీలకమని గుర్తు పెట్టిన దేశంలో కూ చేసిన ప్రతిసారీ ఒకటి దిగుతుంది. 4కు వస్తే ఐరోపాలో, 3కు వస్తే ఆసియాలో, 2కు వస్తే మధ్యప్రాచ్యంలో కూ చేయడం బందు. 1కి వస్తే అణుయుద్ధం, ఆ సమయంలో రౌండు ఎవరిదో వాళ్లు ఓడినట్టే. దింపింది ఎవరన్నది చూడరు! కొత్తవాళ్లు నూటికి తొంభైమంది ఇక్కడే బోల్తా కొడతారు. ఉదాహరణకు సోవియట్ చేతిలో ‘సీఐఏ క్రియేటెడ్’ ఉంది, డెఫ్‌కాన్ 2లో ఉంది. అది అమెరికా కార్డు కాబట్టి దాన్ని వేయగానే అమెరికాకు ఒక పాయింటు పని దొరుకుతుంది. అమెరికా ఆటగాడు ఆఫ్రికాలోనో దక్షిణ అమెరికాలోనో ఏదో బ్యాటిల్‌గ్రౌండ్ దేశంలో కూ చేస్తాడు, డెఫ్‌కాన్ 1, రౌండు సోవియట్‌ది గనుక సోవియట్ ఓటమి. కార్డు అంకె 1 కావడంతో స్పేస్ రేసుకూ పనికిరాదు. కాబట్టి డెఫ్‌కాన్ 3 లేదా అంతకన్నా పైన ఉన్నప్పుడే దాన్ని వదిలించుకోవాలి, లేదా దాచుకోవాలి. అమెరికాకు ‘లోన్ గన్‌మ్యాన్’ ఇట్లాంటిదే. ‘డక్ అండ్ కవర్’ సంఘటనే డెఫ్‌కాన్‌ను ఒకటి దించుతుంది, కాకపోతే దాని అంకె 3 గనుక సోవియట్ దాన్ని స్పేస్‌కు పంపేయొచ్చు. ఈ మూడు పేర్లు ఒక చీటీ మీద రాసి బోర్డు పక్కన పెట్టుకోండి.

ఫోనులో, కంప్యూటరులో ఆడే రూపం కూడా ఉంది. అది నియమం తప్పనివ్వదు కాబట్టి నేర్చుకోవడానికి పనికొస్తుంది, పైగా పెట్టె ధరతో పోలిస్తే చవక. నియమాల పుస్తకం జీఎంటీ వాళ్ల వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. చదివాకే డబ్బు తీయండి.

ప్ర: మా ఆట మేడ మీద గదిలో. ఫ్యాన్ వేస్తే బిళ్లలు కదిలిపోతాయి, వేయకపోతే ఎండాకాలం కూర్చోలేం. మ్యాపు కాగితం మడతల దగ్గర లేచి నిలబడుతోంది. ఏం చేయాలి?
– సాయినగర్, అనంతపురం

జ: రెండింటికీ ఒకటే మందు, అక్రిలిక్ షీటు. ఇట్లాంటి ఆటల్లో మ్యాపు సాధారణంగా 22 అంగుళాలకు 34 అంగుళాలు. ఫొటో ఫ్రేములు కట్టే దుకాణంలోనో, సైన్‌బోర్డులు చేసేవాళ్ల దగ్గరో 24కు 36 అంగుళాల ముక్క కోయించుకోండి. మందం 3 మిల్లీమీటర్లు ఉండాలి. 2 అయితే మడత ఎత్తుకు తనే వంగుతుంది. గాజు వద్దు, బరువెక్కువ, అంచు తగిలితే చెయ్యి తెగుతుంది. మ్యాపును ముందు మడతలకు ఎదురుదిశలో మెల్లగా ఒక్కసారి వంచి, చదును చేసి, ఆపైన షీటు వేయండి. మడత మీద ఇస్త్రీ పెట్టకండి, అచ్చు రంగు లేస్తుంది.

అక్రిలిక్ మీద బిళ్లలు కాగితం మీదకన్నా ఎక్కువ జారుతాయని కొందరు మానేస్తారు. నిజమే, కానీ సీలింగ్ ఫ్యాన్ గాలి అరంగుళం అట్ట బిళ్లను ఒంటరిగా ఉన్నప్పుడే కదిలిస్తుంది, రెండు మూడు దొంతరగా ఉంటే కదలదు. ఫ్యాన్ సరిగ్గా బల్ల నెత్తిన కాకుండా బల్లను గోడవైపు జరపండి, లేదా టేబుల్ ఫ్యాను నేల మీద పెట్టి కాళ్లకు తగిలేట్టు తిప్పుకోండి. కూలరు మాత్రం ఆ గదిలో వద్దు. తేమకు కాగితం మ్యాపు ఉబ్బుతుంది, బిళ్లల పొరలు విచ్చుకుంటాయి.

బిళ్లల్ని అట్ట నుంచి చేత్తో లాగి ఊడదీయకండి, మూల కాగితం చిరిగి తెల్లగా వస్తుంది. మూలల దగ్గర కట్టరుతో గాటు పెట్టి తీయాలి. తీశాక నెయిల్ కట్టరుతో నాలుగు మూలలూ రవ్వంత కత్తిరిస్తే దొంతర్లు ఒకదానికొకటి తగులుకోవు. దొంతర ఎత్తడానికి ట్వీజర్ వాడండి. సర్దుకోవడానికి ఫ్యాన్సీ షాపుల్లో పూసలకు అమ్మే అరల డబ్బాలు చాలు. పక్షం ప్రకారం మాత్రమే కాదు, ఏ టర్నులో వస్తాయో దాని ప్రకారం వేరు చేసి పెడితే తర్వాతి ఆట సర్దుబాటు పావుగంటలో అయిపోతుంది.

ప్ర: ‘బ్యాటిల్ ఫర్ మాస్కో’ ప్రింటు తీసుకుని ఆడుతున్నాం. జర్మనీ పక్షాన ఎన్నిసార్లు ఆడినా మాస్కో చేరను. ఈ జోన్ ఆఫ్ కంట్రోల్, ఆడ్స్ లెక్క సరిగా అర్థం కాలేదేమో అనిపిస్తోంది. ఇంకోటి, మా బిళ్లలు గడుల కన్నా చిన్నగా ఉన్నాయి.
– ఇద్దరు అన్నదమ్ములు, ప్రొద్దుటూరు

జ: మంచి ఆటతో మొదలుపెట్టారు. ఫ్రాంక్ చాడ్విక్ 1986లో కొత్తవాళ్ల కోసమే చేసినది, ఏడు టర్నులు, 39 బిళ్లలు. దీనికన్నా చవకగా ఈ విద్య నేర్చుకునే దారి లేదు.

మొదట ఆడ్స్, అంటే బలాల నిష్పత్తి లెక్క. దాడి చేసే బిళ్లల బలం కూడి, కాపాడుకునే బిళ్ల బలంతో భాగించి, మిగిలిన భిన్నాన్ని కాపాడుకునేవాళ్ల వైపు వదిలేయాలి. 4 బలం మీదికి 12తో వెళ్తే మూడుకొకటి. 11తో వెళ్తే రెండుకొకటే, రెండుముప్పావు అనేది లేదు. ఒక్క పాయింటు తక్కువైతే పోరు ఫలితాల పట్టికలో ఒక నిలువు వరుసే పోతుంది. 15తో వెళ్లినా మూడుకొకటే, ఆ పైన మూడూ వృథా. అందుకే దాడికి ముందు ప్రతి గడికీ ఎంత చాలునో కూడుకుని, మిగిలిన బిళ్లను పక్క దాడికి మళ్లించాలి. మీ ఓటమికి సగం కారణం ఇక్కడే ఉండొచ్చు.

జోన్ ఆఫ్ కంట్రోల్ అంటే బిళ్ల చుట్టూ ఉన్న ఆరు గడులు (మ్యాపు మీది గడులు ఆరు పక్కలవి). శత్రువు ఆ గడిలోకి వస్తే ఆగిపోవాలి. అది అడ్డుకట్ట అని మాత్రమే అనుకుంటే సగం తెలిసినట్టు. వెనక్కి తగ్గాల్సిన బిళ్లకు చుట్టూ ఉన్న గడులన్నీ శత్రువు జోన్లైతే పోయే దారి లేక అది నాశనమవుతుంది. పట్టికలో ‘రిట్రీట్’ అని మామూలు ఫలితం వచ్చినా చాలు. మన రచ్చబండ మీది పులిజూదంలో మేకలు పులిని కట్టేసే పద్ధతి గుర్తుందా, ఇదీ అదే. ముందు నుంచి గుద్దడం కాదు, వెనక తలుపు మూసి గుద్దాలి.

తలుపు మూసేది పాంజర్లు, అంటే జర్మన్ ట్యాంకు దళాలు. ఈ ఆటలో జర్మనీ వరుస ఇట్లా ఉంటుంది: కొత్త బలగం, పాంజర్ల కదలిక, పోరు, ఆ తర్వాత అందరి కదలిక. అంటే పాంజర్లు టర్నుకు రెండుసార్లు కదులుతాయి, కాల్బలం పోరు అయ్యాకే కదులుతుంది. ఈ టర్నులో కాల్బలం కొట్టగలిగేది పోయిన టర్ను చివర్లో ఎవరి పక్కన నిలబడిందో వాళ్లనే. కాబట్టి టర్ను చివరి కదలికే వచ్చే టర్ను దాడి. అక్కడ నిర్లక్ష్యంగా నిలిపితే వచ్చే టర్నులో కాల్బలం ఊరికే నిలబడుతుంది. 3, 4 టర్నుల్లో బురద, కదలిక ఒక్క గడికి పడిపోతుంది. రెండో టర్ను చివరికి కాల్బలం రష్యా వరుసకు ఆనుకుని ఉండకపోతే ఆ రెండు టర్నులూ నడకకే పోతాయి, ఆట అక్కడే చేజారుతుంది.

బిళ్లల సైజు గురించి: జిరాక్సు షాపులో ప్రింటు ఇచ్చేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి ‘యాక్చువల్ సైజ్’, 100 శాతం పెట్టమనండి. మ్యాపు ఒక కొలతలో, బిళ్లలు ఇంకో కొలతలో వచ్చుంటాయి. బిళ్లలకు బైండింగ్ షాపులో దొరికే ఒకటిన్నర మిల్లీమీటర్ల అట్ట బాగుంటుంది. నీళ్ల పాలు ఎక్కువున్న జిగురు రాస్తే కాగితం ముడతలు పడి అట్ట విల్లులా వంగుతుంది, గ్లూ స్టిక్ పలుచగా రాసి రాత్రంతా పుస్తకాల బరువు పెట్టండి. స్టీలు స్కేలు ఆనించి కట్టరుతో నాలుగైదు తేలిక గీతల్లో కోయండి. ఒక్క గీతకే తెగాలని నొక్కితే స్కేలు జారుతుంది.

ప్ర: మా పిల్లోనికి పదేళ్లు. సైనికుల బొమ్మలుండే ఆట కావాలంటాడు. నేనూ ఆడాలి, నాకు ఓపిక తక్కువ.
– ఒక తల్లి, కడప

జ: ‘మెమ్వార్ 44’ తీసుకోండి తల్లీ, ఇంకేదీ చూడొద్దు. రిచర్డ్ బోర్గ్ చేసినది, 2004లో వచ్చింది. ఇద్దరు ఆడాలి, ఒక్కో పోరు గంటలోపు అయిపోతుంది. కాల్బలం దళానికి నాలుగు బొమ్మలు, ట్యాంకులకు మూడు, ఫిరంగులకు రెండు. కాల్బలం ఆనుకుని ఉంటే మూడు పాచికలు, రెండు గడుల దూరమైతే రెండు, మూడు గడుల దూరమైతే ఒకటి. ట్యాంకుకు మూడు గడుల దాకా మూడే. ఈ రెండు వాక్యాలు వాడికి చెప్పి మొదలుపెట్టండి, మిగతావి దారిలో వస్తాయి. అడవి, ఊరు లాంటి గడుల నియమాలకు వేరే కార్డులున్నాయి, ఆ పోరులో ఉన్నవే బల్ల మీద పెట్టండి. బొమ్మలు తగ్గినా దళం పాచికలు తగ్గవు, చివరి బొమ్మ కూడా పూర్తి బలంతో కొడుతుంది. పిల్లలు ఇది మరిచి ముందే చేతులెత్తేస్తారు.

ప్ర: మేం ఐదుగురం. ఆదివారం పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా తీరిక. ‘యాక్సిస్ అండ్ అలైస్’ తీసుకుందామని. ఎవరికి ఏ దేశం ఇవ్వాలి? ఏం కొనాలి?
– ఆదోని

జ: ఐదుగురికి సరిగ్గా సరిపోతుంది. 1942 రెండో ఎడిషన్ చూడండి, సోవియట్, జర్మనీ, బ్రిటన్, జపాన్, అమెరికా అదే వరుసలో ఆడతాయి. కొత్తవాళ్లకు సోవియట్ ఇవ్వండి, ఓడలు తక్కువ, ఆలోచన ఎక్కువగా కాపుదల మీదే. నియమాలు చదివొచ్చినవాళ్లకు జపాన్, బ్రిటన్. ఓడల నియమాలు తెలియనివాడి చేతికి జపాన్ ఇస్తే ఆదివారం అక్కడే తెల్లారుతుంది.

కొనుగోలు లెక్క ఒక్కటి తెలిస్తే చాలా దూరం వెళ్తారు. కాల్బలం ధర 3, దాడి 1, కాపుదల 2. ఫిరంగి ధర 4, దాడి 2. ట్యాంకు ధర 6, దాడి 3, కాపుదల 3. అంకెల మొత్తాన్ని ఆరుతో భాగిస్తే సగటున ఎన్ని దెబ్బలు తగులుతాయో వస్తుంది. 18తో ఆరు కాల్బలాలు కొంటే దాడిలో సగటున ఒక దెబ్బ, కాపుదలలో రెండు. అదే 18తో మూడు ట్యాంకులైతే దాడిలో ఒకటిన్నర, కానీ మూడు దెబ్బలు తగిలితే మీ పని అయిపోయింది. ఇప్పుడు 21తో మూడు కాల్బలాలు, మూడు ఫిరంగులు కొనండి. ఫిరంగి తోడుంటే ఒక్కో కాల్బలం దాడి 2 అవుతుంది, మొత్తం 12, అంటే రెండు దెబ్బలు, పోగొట్టుకోవడానికి ఆరు బొమ్మలు. ట్యాంకుల మోజు ఇక్కడితో తగ్గాలి. అయితే కొన్న బలగం టర్ను చివర్లో ఫ్యాక్టరీ ఉన్న చోటే దిగుతుంది, అప్పుడే కదలదు. బెర్లిన్ నుంచి మాస్కో గుమ్మానికి కాల్బలం నడిచేసరికి టర్నులు గడిచిపోతాయి, ట్యాంకు రెండేసి గడులు పోతుంది. దూరానికి ట్యాంకు, సరిహద్దుకు కాల్బలం, ఫిరంగి.

మధ్యాహ్నం భోజనానికి లేచేముందు వరుసలో ఎవరి వంతో, ఏ దశలో ఆగారో కాగితం మీద రాసిపెట్టండి. ఆదాయం తీసుకున్నారా లేదా అన్న తగాదా ఈ ఆటలో మామూలే.

ప్ర: నాతో ఆడేవాళ్లు ఊళ్లో లేరు. ఒంటరిగా ఆడొచ్చా?
– టీచరు, గుత్తి

జ: ఆడొచ్చు. గడుల మ్యాపు, అట్ట బిళ్లల ఆటల్లో దాచేదేమీ ఉండదు గనుక రెండు పక్షాలూ మీరే ఆడినా చెడదు. చేతిలో కార్డులు దాచే ఆటలు ఒంటరికి పనికిరావు. ఒంటరి ఆట కోసమే చేసినవీ ఉన్నాయి, జాన్ బటర్‌ఫీల్డ్ చేసిన ‘డి-డే ఎట్ ఒమాహా బీచ్’ వాటిలో గట్టిది, కాకపోతే మొదటి ఆటగా వద్దు. ‘వాసల్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో చాలా ఆటల బోర్డులు, బిళ్లలు ఉన్నాయి. దూరంలో ఉన్నవాళ్లతో ఆడుకోవచ్చు. అది నియమాలను తనిఖీ చేయదు, బల్లకు బదులు అంతే. పుస్తకం మీరే చదవాలి.

ప్ర: మన దేశం మీద ఇట్లాంటి ఆట ఏదైనా ఉందా? పాత పెట్టె కొనొచ్చా?
– కర్నూలు పాతబస్తీ

జ: బ్రూస్ మాన్స్‌ఫీల్డ్ చేసిన ‘గాంధీ’, 2019లో జీఎంటీ వేసింది. 1917 నుంచి 1947 దాకా కథ. బ్రిటిష్ రాజ్, కాంగ్రెస్, ముస్లిం లీగ్, విప్లవకారులు అని నాలుగు పక్షాలు. నాలుగింటికీ గెలుపు షరతులు వేరు, చేయగల పనులు వేరు. చెప్పేవాడు నాలుగు ఆటలు నేర్చుకుని చెప్పాలన్నమాట, రెండు మూడు తేలికైనవి ఆడాకే ముట్టుకోండి. ఒంటరిగా ఆడే పద్ధతి కూడా పెట్టెలో ఉంది.

పాత పెట్టెలు కొనొచ్చు. డబ్బు ఇచ్చేముందు నియమాల పుస్తకంలోని సామాను జాబితా పక్కన పెట్టుకుని కార్డులు వరుస అంకెలతో లెక్కపెట్టండి, బిళ్లలు పక్షం వారీగా ఫొటో తీయించండి. పాచికలు పోతే బజారులో దొరుకుతాయి. ఒక్క కార్డు పోయినా పెట్టె ధర సగం చేసి అడగండి.